పోలమ్మ ఇంటికి వెళ్ళని బాతు

కార్తీక బహుళ పంచమి

మూడో నంబరు బాతు పొద్దున్న గాలిబండలు వేసుకుని వెళ్ళి, పోలమ్మకి ఇవ్వాల్సిన వాటిని దించకుండానే తిరిగొచ్చేసింది. ఇలా రావడం ఇది మొదటిసారి కాదు. రేవులో కట్టేసి కారణం అడిగితే ఎప్పటిలాగే ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది: పోలమ్మ ఇంటి దగ్గర పొగ.

ట్యాంకు దగ్గర పనిచేసే మనిషి రోజూ ఏం జరిగిందో రాసిపెట్టాలని మా ఆసుపత్రిలో నియమం. నాకు ముందు ఇక్కడ చేసినాయన రోజూ "అంతా బాగానే ఉంది" అని రాసి ఉద్యోగం ముగించుకుని వెళ్ళిపోయాడు. నాకు అంత పొదుపు చేతకాదు.

నా పేరు కళావతి. తేలూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ బాధ్యత నాది. సముద్రం ముందుకొచ్చి ఊళ్ళను ముంచేశాక ఇళ్ళన్నీ తెప్పలెక్కినట్టే ఆసుపత్రీ ఎక్కింది. దాని వెనక తెప్ప మీద తెల్లటి ట్యాంకు ఉంటుంది. అందులో ఆక్సిజన్ నీళ్ళలాగా, లేత నీలంగా, చెయ్యి తగిలితే చర్మం ఊడొచ్చేంత చల్లగా ఉంటుంది. చెంబుడు ద్రవం ఆవిరైతే బీరువా నిండా గాలి అవుతుంది. రెక్కలున్న గొట్టాల గుండా పోతూ అది వేడెక్కి గాలిగా మారుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఆ గొట్టాల మీద మంచు పేరుకుంటుంది. మంచు గీక్కుని తినడానికి వచ్చే పిల్లల్ని తరమడం కూడా నా ఉద్యోగంలో భాగమే.

వార్డుల్లో ఉన్నవాళ్ళకి గాలి గోడల్లోని పైపుల ద్వారా వెళ్తుంది. ఇళ్ళలో ఉన్నవాళ్ళకి మామూలు గాలిలోంచి ఆక్సిజన్ వడకట్టే యంత్రాలు ఇచ్చాం. కరెంటు పోతే వాటికి ఊపిరి ఉండదు కాబట్టి సిలిండర్లు కూడా పంపుతాం. వాటినే ఊళ్ళో గాలిబండలంటారు. వాటిని మోసుకెళ్ళేది బాతులు. అవి మనిషి లేకుండా తమంతట తాము నడిచే పసుప్పచ్చ పడవలు. బోల్తా పడినా మళ్ళీ లేస్తాయి. పలకరిస్తే జవాబిస్తాయి. నిప్పంటే మాత్రం వాటికి చచ్చేంత భయం. ఆక్సిజన్ తనంతట తాను అంటుకోదు కానీ, పక్కన ఉన్న చిన్న నిప్పురవ్వను కూడా దావానలం చేస్తుంది.

రేపు బాతు వెనకాలే వెళ్ళి చూడాలి.

షష్ఠి

పడవ నడిపే దానయ్యను తీసుకుని బాతుకి కాస్త దూరంలో వెంబడించాను. పోలమ్మ ఇల్లు, ఆమె తోటికోడలు బంగారి ఇల్లు పక్కపక్క తెప్పల మీద ఉంటాయి. మధ్యలో చెక్క వంతెన ఉంది కానీ దాన్ని ఎవరూ తొక్కరు. వాళ్ళిద్దరికీ మాటల్లేక ఎన్నేళ్ళయిందో వాళ్ళకే లెక్క తెలియదు. ఇద్దరి ఊపిరితిత్తులూ పాడయ్యాయి. పోలమ్మవి చేపలు పొగబెట్టే బట్టీ దగ్గర పాడయ్యాయట. బంగారివి పోలమ్మ చుట్టపొగ వల్ల పాడయ్యాయట. ఈ రెండో మాట బంగారిది.

పోలమ్మ అరుగు మీద ముక్కుకి గొట్టం పెట్టుకుని, చేతిలో ఏమీ లేకుండా, మూతి బిగించుకుని పద్ధతిగా కూర్చుని ఉంది. బాతు ముందు బంగారి ఇంటికి వెళ్ళి బండ దించింది. తరువాత పోలమ్మ ఇంటివైపు తిరిగింది. అప్పుడు బంగారి తన అరుగు మీంచి, టైము ఎంతయిందో చెబుతున్నంత మామూలుగా, "పొగ" అంది. బాతు అక్కడికక్కడే వెనక్కి తిరిగింది.

వెనకటికి తూర్పు వరసలో ఒక తెప్ప తగలబడిపోయింది. అప్పట్నుంచి ఎవరైనా నిప్పు ఉందని హెచ్చరిస్తే బాతులు వినాలన్న నియమం పెట్టారు. చెప్పిన మనిషే తన గొంతుతో మాట వెనక్కి తీసుకోవాలి. లేదంటే పట్నంనుంచి అగ్నిమాపకం వాళ్ళు వచ్చి చూసిపోవాలి.

బంగారి మీద నాకు కోపం వచ్చింది. ఒక మనిషికి అందాల్సిన గాలిని ఆపడం ఏం న్యాయమని నిలదీశాను. ఆవిడ ఏమాత్రం కంగారుపడలేదు.

"నాను అబద్ధం ఆడినానేటి? ఆ నోరు ఓపాలి తెరిపించి సూడు."

నేను పోలమ్మ దగ్గరకి వెళ్ళి నోరు తెరవమన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. రెండోసారి అడిగితే కళ్ళు మూసుకుంది. మూడోసారి అడిగేసరికి తెరవక తప్పలేదు. లోపల్నుంచి పొగ దర్జాగా బయటకొచ్చింది. అడ్డచుట్ట. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని, పెదాలు మూసేసి కాలుస్తోంది మహాతల్లి. ముక్కులో ఆక్సిజన్, నోట్లో నిప్పు. నేను ముందు యంత్రం మీట కట్టేశాను. తరువాత గట్టిగా ఊపిరి పీల్చుకుని కూర్చుండిపోయాను.

"నిప్పు లోపలున్నాది, గాలి బయటున్నాది. మరి ఈ రెండూ ఎక్కడ కలుస్తాయి తల్లీ?" అని పోలమ్మ నన్నే అడిగింది.

మా డాక్టర్ తబస్సుంకి ఈ సంగతి చెప్పాను. చదువుకునే రోజుల్లో ఎందుకో ఈ పాఠం తమకి రాలేదన్నారు.

అష్టమి

పోలమ్మకి భయం పుట్టించాలని వెళ్ళాను. ఆమె తన అరుగు మీంచి చూసేలా, అన్ని తెప్పలకూ దూరంగా పడవ ఆపించి, స్టీలు గ్లాసు నిండా ఆక్సిజన్ పట్టి, ఆరిపోబోతున్న చుట్టముక్కని పట్టకారుతో అందులోకి దించాను. అది ఒక్కసారిగా తెల్లగా భగ్గుమని వెలిగింది. దానయ్య తెడ్డు వదిలేసి వెనక్కి పడ్డాడు.

నేను అరుగు మీదికి తిరిగొచ్చేసరికి పోలమ్మ ముఖం విప్పారి ఉంది. ఇంత బాగా వెలిగిన చుట్టను తాను పుట్టి బుద్ధెరిగాక చూడలేదంది. ఇంకోసారి చేసి చూపించమంది.

అప్పుడు కూర్చోబెట్టి మెల్లగా చెప్పాను. గొట్టం తీసేసి కాల్చుకున్నా లాభం లేదు, ఆక్సిజన్ చీర మడతల్లో, జుట్టులో చాలాసేపు ఉండిపోతుంది. ఒక్క రవ్వ రాలితే చీరంతా ఆ చుట్టముక్కలాగే అంటుకుంటుంది. తెప్ప అంటుకుంటే పక్క తెప్పా అంటుకుంటుంది. పోలమ్మ పక్క తెప్పవైపు ఒకసారి చూసింది. కాసేపటికి, ఇక కాల్చనని ఒట్టు పెట్టింది. చుట్టల కట్ట ఇచ్చెయ్యమంటే మాత్రం ఇవ్వలేదు. కాల్చకపోయినా నడుం దగ్గర ఉంటే ధైర్యంగా ఉంటుందట.

నేను వంతెన దాటి బంగారి దగ్గరకి వెళ్ళి, పోలమ్మ మానేసింది కాబట్టి బాతుకి చెప్పిన మాట వెనక్కి తీసుకోమని బతిమాలాను. కట్ట నడుం దగ్గర ఉన్నంతకాలం తాను తీసుకోనంది. అబద్ధం ఆడడం తన ఇంటావంటా లేదంది.

దాంతో పోలమ్మ బండలు దానయ్య పడవలో నేనే మొయ్యాల్సి వస్తోంది. బాతు రేవులో ఊగుతూ నన్ను చూస్తూ ఉంటుంది. దానికి నవ్వడం నేర్పలేదు కాబట్టి బతికిపోయాను.

దశమి

తుఫాను వస్తోంది. ద్రవ ఆక్సిజన్ తెచ్చే ఓడను పట్నం రేవులోనే ఆపేశారు. మా ట్యాంకులో ఉన్నది పొదుపుగా వాడుకుంటే వార్డులకి సరిపోతుంది. ఇళ్ళకి బండలు నింపి పంపేంత మిగలదు. పైగా గాలి ముదిరితే బాతులకి దారి పట్టడం కుదరదు. అందుకని ఇళ్ళలో గాలి మీద ఉన్నవాళ్ళందరినీ రేపు ఆసుపత్రికి చేర్చాలని డాక్టర్ నిర్ణయించారు. అందరినీ ఒకచోట పైపు మీద పెడితే ఒక్క బుడగ కూడా వృథా కాదు.

అందరికీ కబురు పంపాం. అందరూ సరేనన్నారు. పోలమ్మ, బంగారి కూడా సరేనన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ద్వాదశి

నిన్న ఏమీ రాయలేకపోయాను. జరిగింది ఇవాళ రాస్తున్నాను.

పొద్దున్నించి దానయ్య, నేను ఇంటింటికీ తిరిగి మనుషుల్ని చేర్చాం. ఆఖరి విడతలో కృష్ణారావు గారని ఊపిరి బొత్తిగా అందని పెద్దాయన్ని ఎక్కించుకుని పోలమ్మ వాళ్ళ దగ్గరకి వచ్చాం. బంగారి మూట కట్టుకుని సిద్ధంగా ఉంది. పోలమ్మ కూడా సిద్ధంగానే ఉంది. పడవలో అవతలి మనిషి ఉంటుందని తెలిసేసరికి ఇద్దరూ మూటలు కింద పెట్టేశారు. ముందు ఆవిడని తీసుకెళ్ళమని ఈవిడ, ఈవిడని తీసుకెళ్ళమని ఆవిడ. నా ద్వారానే రాయబారం. అలలు అప్పటికే అరుగు మీదికి ఎక్కుతున్నాయి.

పడవలో కృష్ణారావు గారి పెదాలు నల్లబడుతున్నాయి. ఇక ఆగడానికి లేదు. దానయ్య రెండు తెప్పల్నీ తాళ్ళతో ఒకదానికొకటి బిగించి కట్టాడు. నేను ఒక పెద్ద బండతో దిగిపోయాను. ఆయన్ని దించేసి వెంటనే వస్తానని చెప్పి దానయ్య వెళ్ళాడు. వెళ్ళగలిగాడు కానీ తిరిగి రాలేకపోయాడు. కరెంటు పోయింది. పట్నంతో సంబంధం తెగింది. ఆసుపత్రితో మాట్లాడ్డానికి నా దగ్గరున్న వైర్‌లెస్ ఒక్కటే మిగిలింది.

పోలమ్మ ఇంటి పైకప్పు రేకు లేచిపోవడంతో ఆమెను బంగారి ఇంట్లోకి లాక్కొచ్చాను. ఇద్దరూ చెరో గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇద్దరి దగ్గరా ఉన్న బండలు కాసేపటికే అయిపోయాయి. ఇక నేను తెచ్చినదే దిక్కు. నా సంచిలో ఒక గొట్టాన్ని రెండుగా చీల్చే చిన్న ప్లాస్టిక్ ముక్క ఉంది. దాంతో ఒకే బండనుంచి రెండు గొట్టాలు లాగి ఇద్దరి ముక్కులకీ పెట్టాను.

మొదటి తగాదా అప్పుడే వచ్చింది. పోలమ్మ గొట్టం కాస్త పొట్టిది, అంచేత దానికే గాలి ఎక్కువ వస్తోందని బంగారి గోడతో చెప్పింది. అలా అనుకునేవాళ్ళు కావాలంటే గొట్టాలు మార్చుకోవచ్చని పోలమ్మ ఎదుటి గోడతో చెప్పింది. నేను రెండిటినీ పక్కపక్కన పెట్టి, కొలిచి, కత్తిరించాను. నిజానికి బంగారి అన్నదాంట్లో కొంత నిజం ఉంది.

మధ్యాహ్నానికి బండ మీది మీటరు ముల్లు బాగా కిందికి దిగింది. నేను ధార తగ్గించాను. ఇద్దరి వేళ్ళకీ క్లిప్పులు పెట్టి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూస్తూ కూర్చున్నాను. ఒక విచిత్రం కనబడింది. ధార తగ్గించినా బంగారి అంకె పెరుగుతోంది. పోలమ్మది పడిపోతోంది. గొట్టం ఎక్కడైనా నలిగిందేమోనని వెతికాను. నలిగింది పోలమ్మ పిడికిట్లో. చీరకొంగు కింద గొట్టాన్ని మడిచి గట్టిగా పట్టుకుంది. ఒక దారి మూసేస్తే గాలంతా రెండో దారిన పోతుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. చేపల చెరువుకి కాలువలు కట్టిన మనిషి కదా, తెలిసిపోయుంటుంది.

పోలమ్మ వేళ్ళు విప్పబోతే విడవలేదు. ఈ పెనుగులాట చూసి బంగారి ఇటు తిరిగింది. ఆ పిడికిలిని చూసింది. తరువాత గోడతో కాదు, నాతో కాదు, నేరుగా పోలమ్మతో మాట్లాడింది.

"ఒగ్గీ, అప్పా. ఒగ్గీమంటన్నాను కదా."

పోలమ్మ కళ్ళు తెరిచింది. "నా పొగ తాగీసి పాడైపోనావు. ఈ కూసింత గాలైనా తాగు," అంది.

"నువ్వు పోతే నాను ఎవల మీద అరవాల?" అంది బంగారి.

పోలమ్మ పిడికిలి విప్పింది. నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఈసారి పోలమ్మ అంకె పెరగడం మొదలైంది. చూస్తే బంగారి తన గొట్టాన్ని మోకాలి కింద పెట్టి నొక్కేస్తోంది. తీయించాను. కాసేపటికి పోలమ్మ మళ్ళీ మడిచింది. ఎక్కువ వస్తోందని పోట్లాడుకున్న మనుషులే ఇప్పుడు నేను తల తిప్పితే చాలు, నువ్వు తాగంటే నువ్వు తాగని గొట్టాలు నొక్కేస్తున్నారు. చివరికి ఇద్దరి మధ్యా కూర్చుని ఒక చేత్తో పోలమ్మ చెయ్యి, ఇంకో చేత్తో బంగారి చెయ్యి పట్టుకున్నాను. నేను ఉద్యోగంలో చేరేటప్పుడు ఈ పని ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

తరువాత బయట ఈదురుగాలి తగ్గింది. అలలు తగ్గలేదు. మనిషి వెళ్ళే అలలు కావు కానీ బాతు తట్టుకోగలదని, మూడో నంబరుకి రెండు నిండు బండలు కట్టి వదిలామని డాక్టర్ వైర్‌లెస్‌లో చెప్పారు. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. నీళ్ళలో మునుగుతూ, తేలుతూ, ఒకసారి పూర్తిగా తిరగబడి మళ్ళీ లేస్తూ పసుప్పచ్చగా వచ్చింది. వచ్చి, పిలిస్తే వినబడేంత దూరంలో ఆగి, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. పోలమ్మ ఇంట్లో పొగ. రెండు తెప్పల్నీ కలిపి కట్టాం కాబట్టి దాని లెక్కలో ఇప్పుడు ఇది కూడా పోలమ్మ ఇల్లే. మా మాట అది వినదని, మాట వెనక్కి తీసుకోవాల్సిన మనిషి మీ పక్కనే ఉందని డాక్టర్ అన్నారు.

ఇద్దర్నీ మెల్లగా అరుగు మీదికి నడిపించాను. బండ ఒక్కటే కాబట్టి ఒకరు కదిలితే రెండోవాళ్ళూ కదలాల్సిందే. పొగ లేదని బాతుతో చెప్పమని బంగారిని అడిగాను.

బంగారి బాతుని చూసింది. పోలమ్మ నడుమువైపు చూసింది. "అప్ప నడుం కాడ సుట్టల కట్టున్నాది. నాను అబద్ధం ఆడను," అంది.

బండ ముల్లు దాదాపు సున్నా మీద ఉంది. కేకలు పెట్టాలనిపించింది. పెట్టలేదు. పోలమ్మ ఆయాసపడుతూనే నడుం దగ్గర చెయ్యి పెట్టి కట్ట బయటికి తీసింది. దాన్ని చేతిలో ఒకసారి తిప్పి చూసుకుంది.

"ఇది పోతే నాకేటి మిగుల్తాదే?"

"నానున్నాను కదా. నన్ను తిట్టుకో," అంది బంగారి.

పోలమ్మ కట్టను సముద్రంలోకి విసిరింది. బంగారి నోరు తెరిచి "పొగ నేదు" అంది. ఆ మాట నా చెవిదాకానే వచ్చింది. అంత గాలి లేదు ఆమె లోపల. నేను మీటని పూర్తిగా తిప్పేశాను. మిగిలిన కొంచెం ఆక్సిజన్‌నీ ఆ ఒక్క మాట కోసం ఖర్చు పెట్టేశాను. పోలమ్మ నా వైపు ఒకసారి చూసి, తన గొట్టాన్ని మడిచి పట్టుకుంది. ఈసారి నేను అడ్డుపడలేదు. బంగారి లోపలికి గాలి పీల్చుకుంది, ఇంకోసారి పీల్చుకుంది, అరుగు రాటని పట్టుకుని గొంతెత్తింది.

"పొగ నేదు! మాయప్ప మానీసింది!"

బాతు తిరగడం ఆపింది. ముక్కు ఇటు తిప్పింది. అల మీద అల ఎక్కి వచ్చి అరుగుని ఢీకొట్టింది. నేను బండ దించి, బిగించి, మీట తిప్పి, పోలమ్మ పిడికిలి విప్పించాను. పోలమ్మ పెదాలకి రంగు వచ్చేదాకా బంగారి ఆమె వీపు రుద్దుతూనే ఉంది.

ఇవాళ దానయ్య వచ్చి అందర్నీ ఆసుపత్రికి చేర్చాడు. ఒకే పడవలో.

మార్గశిర శుద్ధ చవితి

ఓడ వచ్చింది. లావుపాటి గొట్టం తగిలించి ట్యాంకు నింపుతుంటే తెల్లటి ఆవిరి తెప్పంతా కమ్ముకుంది. తుఫానులో మావాళ్ళు ఒక్కరు కూడా పోలేదు. కృష్ణారావు గారు లేచి కూర్చుని, ఆసుపత్రి ఉప్మా మీద ఫిర్యాదు చేస్తున్నారు. డాక్టర్ ఆ ఫిర్యాదుని సంతోషంగా రాసుకున్నారు.

దశమి

పోలమ్మ ఇంటికి కొత్త రేకు వేశాక ఇద్దర్నీ ఇళ్ళకి పంపాం. చెరో యంత్రం, చెరో బండ ఇచ్చాం. బయల్దేరే ముందు బంగారి నన్ను పక్కకి పిలిచి, బాగా పొడుగు గొట్టం కావాలంది. ఎందుకంటే, పోలమ్మ మళ్ళీ చుట్ట ముడుతుందేమో కనిపెట్టి ఉండాలి, దానికి వంతెన దాటి వెళ్ళాలి, యంత్రాన్ని తాను మొయ్యలేదు కదా అంది. ఈ సంగతి అవతల చెప్పవద్దంది.

ఇంకాసేపటికి పోలమ్మ వచ్చి తనకీ పొడుగు గొట్టమే కావాలంది. బంగారి ఒంటరిగా కూర్చుని గోడలతో మాట్లాడుతుందట, అది మంచి అలవాటు కాదట. ఈ సంగతీ అవతల చెప్పవద్దంది.

ఇద్దరికీ ఇచ్చాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

పౌర్ణమి

పొద్దున్నే పోలమ్మ, బంగారి ఇళ్ళనుంచి ఫిర్యాదు వచ్చింది. గాలి సరిగా రావడం లేదట. దానయ్యతో వెళ్ళి చూశాను. బంగారి గొట్టం వంతెన దాటి పోలమ్మ ఇంట్లోకి వెళ్ళింది. పోలమ్మ గొట్టం వంతెన దాటి బంగారి ఇంట్లోకి వెళ్ళింది. వీళ్ళు వస్తూ పోతూ, వంటింట్లోకొకసారి అరుగు మీదికొకసారి తిరుగుతూ, ఆ రెండు గొట్టాల్నీ వంతెన మధ్యలో జడలా అల్లిపెట్టారు. గాలి ఇద్దరికీ సన్నగానే వస్తోంది.

చేతి బండలు తగిలించి ఇద్దర్నీ చెరోపక్క కూర్చోబెట్టి, ముడి విప్పడం మొదలుపెట్టాను. ఇదంతా బంగారి ఇటునుంచి కాకుండా అటునుంచి రావడం వల్ల జరిగిందని పోలమ్మ అంది. అప్పకి ఒక్కచోట నిలకడగా కూర్చునే అలవాటు పుట్టుకనుంచీ లేదని బంగారి అంది. బెండకాయ పులుసులో చింతపండు ఎవరు ఎక్కువ పోశారన్న దగ్గరికి మాట వెళ్ళింది. అక్కణ్నుంచి పెళ్ళిళ్ళకీ, మునిగిపోయిన ఊరి వీధులకీ, చనిపోయిన మొగుళ్ళకీ వెళ్ళింది. మధ్యలో ఇద్దరూ ఏదో గుర్తొచ్చి నవ్వడం మొదలుపెట్టారు. ఆయాసం వచ్చి ఆగారు, మళ్ళీ నవ్వారు.

దానయ్య రెండుసార్లు పడవలోంచి పిలిచాడు. ఇంకా చాలా ముడి ఉందని చెప్పాను. నిజానికి అప్పటికి విప్పడం అయిపోయింది.